కట్టెలు చీల్చే మిషనుతో మా కాపురం

"ఈ గ్యాసు పొయ్యిల కాలంలో ఇంకా కట్టెలెవరు కొంటారండీ?"

కొత్తగా పరిచయమైన ప్రతివారూ నన్నడిగే మొదటి ప్రశ్న ఇది. కోయంబత్తూరులో మాది కట్టెల డిపో. ఇళ్ళల్లో వంటకు కట్టెలు కొనేవాళ్ళు తగ్గిపోయిన మాట నిజమే. కానీ కల్యాణ మండపాల వంటశాలలు, కట్టెల మీద వండే బిరియాని హోటళ్ళు, మిఠాయి భట్టీలు, వేడినీళ్ళ బాయిలర్లు, చివరికి శ్మశానం - వీటన్నిటికీ కట్టె కావాలి. పుట్టిననాటి స్నానం నీళ్ళ నుంచి పోయేనాటి చితి వరకూ మనిషికి కట్టెతో పని తీరదని మా నాయన అంటుండేవారు.

మనవాళ్ళు ఏ సీమలో ఉంటే ఆ సీమ మాట అలవాటవుతుంది. కర్ణాటకలో ఉన్నవారు 'సౌదె' అంటారు. మహారాష్ట్రలో కట్టెల అడితిని 'వఖార్' అంటారు. ఒడిశాలో 'జాళొ కాఠొ'. మేము బజార్లో 'విరగు' అని బేరమాడి, గడప దాటి లోపలికొచ్చాక 'కట్టెలు' అంటాం. మా నాయనమ్మ మాత్రం చివరిదాకా 'వంటచెరకు' అనే అనేది. అంత చక్కని మాట మా పిల్లలకు తెలియకుండా పోతోందన్న దిగులు కూడా ఈ వ్యాసం రాయడానికొక కారణం.

అసలు సంగతికి వస్తాను. 2011లో మేము హైడ్రాలిక్ మిషను ఒకటి కొన్నాం. ఎంత లావు మొద్దునైనా ఆయిలు ఒత్తిడితో నెట్టి, ఇనుప చీలకు ఆనించి, నిలువునా చీల్చే మిషను. విదేశాల్లో చలి ఎక్కువున్న చోట్ల ఇవి ఇంటింటా కనిపిస్తాయట. మన దగ్గర డిపోల్లోనూ, కట్టెల బాయిలర్లున్న ఫ్యాక్టరీల్లోనూ కనిపిస్తాయి. ఇన్నేళ్ళుగా దాంతో కాపురం చేసి నేర్చుకున్నవి, పోగొట్టుకున్నవి కూడా, మీతో పంచుకుందామని.

గొడ్డలి రోజులు

మా నాయన 1971లో డిపో పెట్టారు. 1980 ప్రాంతంలో ఇరవై ఏళ్ళ కుర్రాడొకాయన పనికి చేరాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నేనాయన్ని 'పెద్దన్న' అనేవాణ్ణి. ఆయన నన్ను 'చిన్న ముదలాళీ' అనేవాడు. మా ఇంట్లో తిరిగి తిరిగి తెలుగు పట్టేశాడు, అయితే సగం వాక్యం దగ్గర తమిళంలోకి దిగిపోయేవాడు.

పెద్దన్న గొడ్డలి పని చూసి తీరవలసిందే. మొద్దును నిలబెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి, కొసన ఉన్న పగుళ్ళు చూసి, ఎక్కడ కొట్టాలో కంటితో గీత గీసుకునేవాడు. "చెట్టు తనే చెప్తుంది, మనం వినాలంతే" అనేవాడు. చింతమొద్దు మాత్రం ఆయనకూ లొంగేది కాదు. నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి గొడ్డలి దిగి కూర్చుంటుందే గాని చీలదు. అప్పుడు ఇనుప చీలలు రెండు మూడు దిగ్గొట్టి, సమ్మెటతో బాదేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొడితే, కట్టె రకాన్ని బట్టి, అర టన్ను నుంచి టన్ను దాకా చీలేది.

ముప్పై ఏళ్ళు ఆ పని చేశాక ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి తలపైకి లేచేది కాదు. డాక్టరు గొడ్డలి ముట్టుకోవద్దన్నారు. కొత్త కుర్రాళ్ళు ఆ పనికి రావడం అప్పటికే మానేశారు. మిషను ఆలోచన నాకు అప్పుడే వచ్చింది.

సాయంత్రం పెద్దన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే నాకు లెక్క చూసి పంపించేస్తారా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా నాయన లోపలినుంచే, "నీకు తెలియని మొద్దు ఆ మిషనుకు మాత్రం ఏం తెలుస్తుందిరా? నువ్వే నడపాలి" అన్నారు. మిషను కొనాలన్న నిర్ణయం ఆ మాటతోనే జరిగింది.

ఇంతకీ ఆ మిషను ఏం చేస్తుంది?

మా ఊళ్ళో మిషను దొరకడం కష్టం కాదు. మోటార్లూ, పంపుసెట్లూ, లేతులూ ఈ ఊరి గాలిలోనే ఉన్నాయి. మన తెలుగు కుటుంబంలోనే పుట్టిన జి.డి. నాయుడు గారు (1893-1974) ఇక్కడివారే. బస్సు సర్వీసుతో మొదలుపెట్టి మోటార్ల దాకా ఆయన చెయ్యి పెట్టని యంత్రం లేదు. ఆయన వేసిన బాటలో వీధికొక వర్కుషాపు వెలిసింది. అలాంటి ఒక చిన్న వర్కుషాపులోనే మా మిషను చేయించాం. అప్పట్లో లక్షన్నర పైన అయింది.

దాని లోపలి సూత్రం చాలా పాతది. మూసిన పాత్రలో ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. దాన్ని ఆధారం చేసుకుని 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. లారీని పైకెత్తే జాకీ, మట్టి తవ్వే జేసీబీ, మా కట్టెల మిషను - అన్నీ ఆ కుటుంబంలోవే.

మా మిషనులో అయిదు హార్సుపవరు త్రీఫేజు మోటారు, దానికి తగిలించిన గేర్ పంపు, నలభై అయిదు లీటర్ల ఆయిలు ట్యాంకు, ఒక లీవరు, ఒక సిలిండరు, ఎదురుగా కదలని ఇనుప చీల ఉన్నాయి. సిలిండరు లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, అంటే పిస్టను వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఆయిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 175 కిలోలు. రెండూ గుణించి చూడండి, పదమూడున్నర టన్నులు దాటుతుంది. పెద్దన్న సమ్మెట దెబ్బ క్షణంలో తగిలి పోయేది. ఈ బలం నెమ్మదిగా వచ్చి, మొద్దు లొంగేదాకా వదలదు.

పంపులో ఒక తమాషా ఉంది. ఒకే గూటిలో పెద్దదీ చిన్నదీ రెండు పంపులుంటాయి. మొద్దు తగిలేదాకా రెండూ కలిసి నిమిషానికి నలభై లీటర్ల ఆయిలు నెడతాయి, పిస్టను చకచకా ముందుకొస్తుంది. మొద్దు ఎదురుతిరిగి ఒత్తిడి పెరగ్గానే పెద్ద పంపు ఆయిలు తిరిగి ట్యాంకులోకి మళ్ళిపోతుంది. చిన్న పంపు ఒక్కటే నిమిషానికి పది లీటర్ల చొప్పున నిదానంగా, గట్టిగా నెడుతుంది. చిన్న మోటారుతో పెద్ద పని జరిగే రహస్యం ఇదే. చప్పుడు మారగానే, "ఇప్పుడు చింత వచ్చింది" అని గదిలో కూర్చున్న నేను కూడా చెప్పగలను.

మొద్దును చదవడం

మిషను వచ్చిన మొదటి వారం పెద్దన్న దాన్ని అత్తగారిని చూసిన కొత్త కోడల్లా దూరం నుంచే చూశాడు. రెండో వారానికి అది ఆయన మాట వినడం మొదలుపెట్టింది. ఎందుకంటే, బలం మిషనుదయినా తెలివి మనిషిదే కావాలి.

మొద్దు రెండు కొసలూ చదునుగా కోసి ఉండాలి. ఏటవాలుగా కోసిన మొద్దు ఒత్తిడికి జారి పక్కకు ఎగురుతుంది. నార వెంబడే చీల్చాలి, అడ్డంగా ఎన్నటికీ చీల్చకూడదు. కణుపులున్న మొద్దును నడిమధ్యన కాకుండా అంచునుంచి పలకలు పలకలుగా తీసుకుంటూ రావాలి. నీలగిరి చెట్టును కొట్టిన కొద్దిరోజుల్లోనే చీల్చుకోవాలి. ఎండిపోతే నార మెలికలు బిగుసుకుని మిషనును కూడా ఏడిపిస్తుంది. సరుగుడు సన్నగా ఉంటే చీల్చే పనే లేదు. సీమతుమ్మ ముళ్ళు ముందు నరికించుకోవాలి. అన్నట్టు, ఈ సీమతుమ్మ మన దేశం చెట్టు కాదు, అమెరికా ఖండంనుంచి 19వ శతాబ్దంలో వచ్చింది. కొబ్బరి మొద్దు జోలికి వెళ్ళకండి. అది చీలదు, పీచు పీచుగా నలుగుతుంది.

చీల్చడం పొయ్యిలో పట్టడానికి మాత్రమే కాదు. బెరడు నీళ్ళను లోపలే బిగించి ఉంచుతుంది. చీల్చిన ముఖం గాలికి తగిలితేనే కట్టె త్వరగా ఆరుతుంది. పచ్చి మొద్దు బరువులో దాదాపు సగం నీళ్ళే ఉండొచ్చు. బాగా ఆరిన కట్టెలో ఇరవై శాతంలోపు ఉండాలి. పచ్చికట్టె మండిస్తే వేడిలో పెద్ద భాగం ఆ నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది, మిగిలేది పొగ. తూకానికి కట్టెలు కొనే గృహిణులారా, పచ్చివి కొంటే మీరు నీళ్ళకు డబ్బిస్తున్నారన్నమాట! రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. కంగుమంటే ఆరినట్టు, దబ్బుమంటే పచ్చి. కొసల్లో పగుళ్ళు కూడా చూసుకోండి.

మేము చీల్చిన కట్టెలను నేలమీద కాకుండా రాళ్ళ మీద అడ్డకర్రలు పరిచి పేరుస్తాం. పైన రేకు, పక్కలు బారుగా గాలికి వదిలేస్తాం. తార్పాలిన్‌తో చుట్టూ కప్పేస్తే లోపల ఉడికి బూజు పడుతుంది.

ఆ శనివారం

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేనిది చెప్పాలి.

2013 ఐప్పసి మాసం, ముహూర్తాల రోజులు. మూడు మండపాలకు సరుకు వెళ్ళాలి. పని త్వరగా తెములుతుందని పెద్దన్న మొద్దు పెట్టడం, నేను లీవరు నొక్కడం మొదలుపెట్టాం. గంటసేపు బ్రహ్మాండంగా సాగింది. ఇద్దరం కబుర్లు చెప్పుకుంటున్నాం కూడా. ఒక మొద్దు కొంచెం వంకరగా కూర్చుంది. దాన్ని సరిచేద్దామని ఆయన ఎడమచెయ్యి పెట్టాడు. పెట్టేశాడు, తీసేశాడు అనుకుని నేను లీవరు నొక్కాను.

అరుపు కూడా రాలేదు. లీవరు వదిలి వెనక్కి లాగేసరికి ఆయన ఉంగరపు వేలు పైకణుపు నలిగిపోయింది. ఆస్పత్రిలో ఆ కణుపు తీసెయ్యాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు గొడ్డలి పట్టినప్పుడు గీత పడని చెయ్యి అది.

ఆయన భార్య ఆస్పత్రి వరండాలో నన్నొక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఖర్చంతా మేమే పెట్టుకున్నాం, పనిలేని రోజులకు కూలి ఇచ్చాం, ఇంకా కొంత ఇచ్చాం. అవి లెక్కల పుస్తకంలో తీరే బాకీలు. మిగిలింది అందులో ఎక్కదు.

పంచతంత్రంలో కోతి కథ మీ పిల్లలకు చెప్పే ఉంటారు. సగం కోసిన దూలంలో వడ్రంగి దిగ్గొట్టిపోయిన మేకును కోతి ఊడబెరికి ప్రాణం మీదకి తెచ్చుకుంటుంది. చిన్నప్పుడు నవ్వుకున్నాను. తనది కాని పనిలో వేలు పెట్టినవాడి కథ అనుకున్నాను. ఆ శనివారం తర్వాత వేరే అర్థం తోచింది. మేకు లాగిన కోతి తనకే చేటు తెచ్చుకుంది. నేను లాగిన లీవరుకు చెయ్యి మాత్రం వేరొకరిది.

మిషను తప్పు ఏమీ లేదు. ఈ మిషన్ల దగ్గర వేళ్ళు పోయేది ఎక్కువగా ఇలాగే అని తరువాత వర్కుషాపు ఆయన చెప్పాడు. ఒకరు మొద్దు పెట్టడం, మరొకరు లీవరు నొక్కడం. ఆ రోజునుంచి మా డిపోలో ఒకటే నియమం: మొద్దు పెట్టిన చెయ్యే లీవరు నొక్కాలి. రెండోమనిషి మొద్దులు తెచ్చి పక్కన పెట్టవచ్చు, చీలినవి తీసుకుపోవచ్చు. మిషను బల్లమీదకి మాత్రం చెయ్యి రాకూడదు. ఇంకా గట్టి చెయ్యడానికి, రెండు చేతులూ రెండు పిడుల మీద ఉంటేనే పిస్టను ముందుకు కదిలేటట్టు మార్పించాం. ఒక చెయ్యి తీస్తే ఆగిపోతుంది. దానికైన ఖర్చు చాలా తక్కువ. మొదటిరోజే చేయించి ఉండాల్సింది.

నలభై రోజుల తర్వాత పెద్దన్న వచ్చాడు. "ముదలాళీ, కొత్త పిడులు ఎలా ఉన్నాయో చూస్తాను" అని నేరుగా మిషను దగ్గరికి వెళ్ళాడు. నేను దూరంగా నిలబడ్డాను. మొదటి మొద్దు చీల్చి, నావైపు తిరిగి, "ఇప్పుడిది నాకొక్కడికే వింటుంది, మంచిదే" అన్నాడు.

ఆలనా పాలనా

మిషను ఆవులాంటిది, చూసుకున్నంతకాలం పాలిస్తుంది. మా అనుభవంలో ముఖ్యమైనవి చెబుతాను.

ఆయిలే దాని నెత్తురు. మా వేడికి 68 నంబరు హైడ్రాలిక్ ఆయిలు వాడతాం. రోజూ పొద్దున పిస్టను పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు మట్టం చూడాలి. ఆయిలు పాలలా తెల్లబడితే నీళ్ళు కలిశాయని అర్థం. నల్లబడి మాడు వాసన వస్తే మితిమీరి వేడెక్కిందని అర్థం. నురుగు వస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది. ట్యాంకు మీద పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఉంచలేకపోతే కాసేపు ఆపి చల్లారనివ్వండి. ఫిల్టరు మొదటిసారి యాభై గంటలకే మార్చాలి, కొత్త మిషనులోని ఇనుప రజను అందులో చేరుతుంది. ఆయిలు మూత తీసేముందు చుట్టూ ఉన్న రంపపు పొట్టు తుడవడం మరచిపోవద్దు. గేర్ పంపును చంపేది పనిభారం కన్నా చెత్తే.

పైపులో సన్నటి కారుడు కనిపిస్తే వేలితో తడిమి చూడకండి. సూదిబెజ్జమంత రంధ్రంనుంచి వచ్చే ఆయిలు చర్మాన్ని తూట్లు పొడిచి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది, లోపల కండ కుళ్ళుతుంది. అలా జరిగితే ఇంట్లో పసుపు పెట్టి కూర్చోక, వెంటనే ఆపరేషను సౌకర్యమున్న ఆస్పత్రికి వెళ్ళాలి. కారుడు ఎక్కడో తెలుసుకోవాలంటే దూరంనుంచి అట్టముక్క చూపించండి. బిగించడం, మార్చడం మాత్రం మోటారు ఆపి, లీవరు అటూ ఇటూ కదిపి ఒత్తిడి పోయాకే.

మొద్దు లొంగలేదని రిలీఫ్ వాల్వు బిగించి ఒత్తిడి పెంచేవాళ్ళున్నారు. ఆ పని చెయ్యకండి. సిలిండరో, పైపో, వెల్డింగో ఏదో ఒకటి పగులుతుంది. మొద్దు చీలకపోతే తిప్పి పెట్టి చూడండి, లేదా పక్కన పెట్టెయ్యండి.

త్రీఫేజు కరెంటు సంగతి మరొకటి. ఒకసారి మా వీధిలో లైను బాగుచేశాక రెండు ఫేజులు తారుమారయ్యాయి. మేము చూసుకోకుండా స్విచ్చి వేశాం. మోటారు వెనక్కి తిరిగింది, పంపు ఆయిలు సీలు బయటికి తన్నేసింది. అప్పటినుంచి మోటారు మీద తెల్లరంగుతో బాణం గుర్తు వేయించాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం వేసి, ఆపి, తిరిగే దిక్కు చూస్తాం. ఒక ఫేజు పోతే మోటారు కాలిపోకుండా ఆపే సాధనం కూడా తప్పనిసరి.

వేసుకునే బట్టలు: మెడలో తువ్వాలు, వేలాడే లుంగీ, హవాయి చెప్పులు పనికిరావు. కళ్ళజోడు, మూసిన బూట్లు ఉండాలి. మొద్దు చీల మధ్య ఇరుక్కుంటే చేత్తో పీకకుండా, పిస్టను వెనక్కి తీసి మరో మొద్దుతో నెట్టించండి.

ఎవరు కొనుక్కోవాలి?

నన్నడిగితే, ఇంటికి నెలకో బండెడు కట్టెలు కావలసినవాళ్ళకు మిషను అక్కరలేదు. కొలిమిలో కాకేసిన మంచి గొడ్డలి, రెండు చీలలు చాలు. తోటలున్నవారు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే మేలు. డిపో గానీ, వంటశాల గానీ నడిపేవారికి రెండుమూడేళ్ళలో ఖర్చు తిరిగొస్తుంది. మాకు ఇద్దరు మనుషులతో రోజుకు నాలుగు టన్నులు తేలిగ్గా చీలుతున్నాయి. అయితే కొనేముందు ఒత్తిడి ఎంత, టన్నులెన్ని అని అడిగేదానికన్నా ముందు, రెండు చేతుల పిడులున్నాయా అని అడగండి.

పెద్దన్న నాలుగేళ్ళ క్రితం పని చాలించాడు. ఇప్పుడు ఆయన అల్లుడు మిషను నడుపుతున్నాడు. ఆయుధపూజ నాడు మాత్రం పెద్దాయన తప్పక వస్తాడు. మిషనుకు విభూతి, గంధం, కుంకుమ ఆయనే పెట్టాలి. పక్కన తన పాత గొడ్డలిని కూడా కడిగి నిలబెడతాడు. బొట్లు పెడుతున్నప్పుడు ఆ పొట్టివేలు వైపు నా చూపు వెళ్ళకుండా ఉండదు. ఆయన అది గమనించి, "పిల్లలకు నియమం చెప్పారా ముదలాళీ?" అని అడుగుతాడు.

చెప్పాను, పెద్దన్నా. ఇప్పుడు మన పత్రిక చదివే అందరికీ చెబుతున్నాను: మొద్దు పెట్టిన చెయ్యే లీవరు నొక్కాలి.